బిస్కెట్లు రెండు సంచులు, చదివేవాడు ఒకడు

కర్నల్ రెమిహియో తయారుచేసిన జాబితాలో రెండు వరుసలున్నాయి. మొదటిది మనుషుల వరుస. అందులో కర్నల్‌తో కలిపి ఏడుగురు. రెండోది సామాన్ల వరుస. తుపాకులు ఏడు, పొడవు కత్తులు ఏడు, తూటాల పెట్టెలు మూడు, బిస్కెట్లు రెండు సంచులు, చదివేవాడు ఒకడు.

ఆ చదివేవాడి పేరు డాన్ ఇలారియో. కర్నల్ రాత కోడి కెలికినట్టుంటుంది కాబట్టి జాబితాను శుభ్రంగా తిరగరాసే పని కూడా ఇలారియోకే పడింది. ఓడలో ఊగే బల్ల ముందు కూర్చుని, అరవై మూడేళ్ళ మనిషి తన చేత్తో తననే బిస్కెట్ల కింద రాసుకున్నాడు. రాసి, సిరా ఆరేదాకా ఊదాడు కూడా.

"కర్నల్ గారూ, చిన్న పొరపాటు జరిగినట్టుందండీ. నన్ను సామాన్లలో వేశారు."

"పొరపాటేం లేదు. దిగేది ఏడుగురు. మీరు దిగరు. వీళ్ళు తెడ్లు వేస్తున్నంతసేపూ చదవాలి. సామాను దించగానే అదే పడవలో ఓడకి తిరిగి పోవాలి."

"నేను క్యూబా మట్టి తొక్కి ఇరవై ఆరేళ్ళయిందండీ."

"ఆ కళ్ళద్దాలు తీసి, ఎదురుగా ఉన్నదెవరో చెప్పండి చూద్దాం."

ఇలారియో తీశాడు. కర్నల్ ఉండవలసిన చోట గోధుమరంగు ముద్ద ఒకటి కనిపించింది. "గొంతు వింటే ఎవరైనా గుర్తుపడతానండీ," అన్నాడు.

"స్పెయిన్ సిపాయిలు కాల్చే ముందు మాట్లాడరు," అని కర్నల్ జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అసలు స్పెయిన్ పాలన మీద తిరగబడే దండులో చదివేవాడెందుకు? ఆ సంగతి అమెరికా కొసనున్న కీ వెస్ట్‌లో చుట్టలు చుట్టేవాళ్ళని అడగాలి. దేశం నుంచి వెళ్ళగొట్టబడ్డ క్యూబా వాళ్ళంతా ఆ దీవిలో చుట్టలే చుట్టేవారు. పెద్ద హాలు, రెండు వందల బల్లలు, మధ్యలో ఎత్తుపీట. ఆ పీట మీద కూర్చుని ఇలారియో పొద్దున్న పత్రికలు, మధ్యాహ్నం నవల చదివేవాడు. ఏ నవల చదవాలో చుట్టేవాళ్ళే చేతులెత్తి తేల్చుకునేవారు. చదివింది నచ్చితే పొగాకు కోసే చిన్న చంద్రవంక కత్తితో బల్ల మీద టకటకమని కొట్టేవారు. నచ్చకపోతే కత్తిని నేల మీద పడేసేవారు. పన్నెండేళ్ళు అలా గడిచాక ఆ చేతులకి ఒక జబ్బు పట్టుకుంది. చదివే గొంతు వినపడితేనే అవి కదులుతాయి, ఆగితే ఆగిపోతాయి.

కర్నల్ ఎంచుకున్న ఆరుగురూ అలాంటివాళ్ళే. పోనీ అంతటితో సరిపోయిందా, అదీ లేదు. సరిగ్గా బయలుదేరే వారానికి, నాలుగు నెలలుగా నడుస్తున్న నవల చివరికొచ్చింది. అందులో ఒక కౌంటెస్ ఉంది. నిధి పెట్టె కోసం వాళ్ళ బాబాయి డ్యూక్ ఆమెని బురుజులో బంధించాడు. ఆ పెట్టె తాళంచెవి ఆమె మింగేసిందని అందరూ అనుకుంటున్నారు. డ్యూక్ వైద్యుల్ని వెంటబెట్టుకుని గది బయట కాపలా కాస్తున్నాడు. నాలుగు నెలలైనా ఆ తాళంచెవి బయటికి రాలేదు. ఇంకా మూడు అధ్యాయాలున్నాయి.

"దేశం కోసం చస్తాం కర్నల్ గారూ, అందులో ఇంకో మాట లేదు," అన్నాడు సెరాపియో. ఆరుగురిలోకీ పెద్ద శరీరమూ, పెద్ద నోరూ అతనివే. "కానీ తాళంచెవి సంగతి తేలకుండా మాత్రం చావం."

అలా ఇలారియో ఓడెక్కాడు, బిస్కెట్ల పక్కన.

ఓడ వాళ్ళని సాయంత్రం నడిసముద్రంలో ఒక పడవలోకి దించేసింది. తీరం రెండు కోసులు. అర్ధరాత్రికల్లా నిశ్శబ్దంగా దిగి కొండెక్కేయాలని కర్నల్ ఎత్తు. "ఎవరైనా నోరు మెదిపితే చూడండి మరి," అన్నాడు. ఎవరూ మెదపలేదు. ఆరు తెడ్లు ఆరు రకాలుగా పడ్డాయి. ఒకడు ముందుకి లాగితే ఇంకొకడు వెనక్కి తోశాడు. తెల్లవారేసరికి చూస్తే ఏముంది, ఓడ ఎదురుగానే ఉంది. ఓడ కెప్టెన్ కాఫీ తాగుతూ వీళ్ళకి చెయ్యూపాడు.

"సరే," అన్నాడు కర్నల్ పళ్ళు కొరుకుతూ. "చదవండి. నెమ్మదిగా."

ఇలారియో నవల తీశాడు. కర్నల్ అడ్డుపడి, జేబులోంచి విప్లవ ప్రకటన తీసి ఇచ్చాడు. పోయేది యుద్ధానికి కాబట్టి కౌంటెస్ కన్నా ఇదే మేలన్నాడు.

"చేతులెత్తాలి గదండీ," అన్నాడు సెరాపియో.

"ఇది యుద్ధం. ఇక్కడ చేతులెత్తడాలు ఉండవు."

"యుద్ధం మీ ఇష్టం, కాదన్నామా. చదువు మాత్రం మా ఇష్టం. ఏరా మకారియో?"

"అంతే బావా," అన్నాడు పక్క తెడ్డు మకారియో. "చదువు జోలికి ఫ్యాక్టరీ యజమాని కూడా రాలేదు."

ఆరుకి ఒకటిగా కౌంటెస్ గెలిచింది. కర్నల్ మాట పూర్తిగా తీసెయ్యడం మర్యాద కాదని ఇలారియో ప్రకటన కూడా ఒక పేరా చదివాడు. పడవ నిలబడిపోయింది. మళ్ళీ కౌంటెస్ దగ్గరికి వచ్చేసరికి ఆరు తెడ్లూ ఒక్క దెబ్బగా నీళ్ళలో పడ్డాయి. డ్యూక్ తలుపు దబదబ బాదిన చోట పడవ పరుగెత్తింది. వైద్యుడు ఆముదం పట్టుకొచ్చిన చోట అందరూ తెడ్లు వదిలేసి, నడుముల్లోంచి చంద్రవంక కత్తులు లాగి పడవ అంచు మీద టకటకమని కొట్టారు. పొడవు కత్తులిచ్చినా ఆ చిన్న కత్తుల్ని ఎవరూ ఇంట్లో వదిలి రాలేదు. కర్నల్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఎండ బాగా ఎక్కాక పడవ ముక్కు ఇసుకని తాకింది. సముద్రం ఖాళీ, ఒడ్డు ఖాళీ. రహస్యంగా రావలసినవాళ్ళు పట్టపగలు పెళ్ళివారిలా వచ్చారు, పట్టించుకున్నవాడు లేడు.

ఇలారియో పుస్తకం మూసి ఒడ్డు వైపు చూశాడు. ఇరవై ఆరేళ్ళ కిందట ఈ తీరం నుంచే చేపల పడవెక్కి పారిపోయాడు. అప్పుడు వాళ్ళమ్మ పొయ్యి మీద కాఫీ పెట్టి ఉంది. "నువ్వు కాఫీ దించమ్మా, ఇప్పుడే వస్తా," అన్నాడు. ఆమె పోయిన సంగతి కూడా ఏడాది ఆలస్యంగా తెలిసింది. ఇసుక పది అడుగుల దూరంలో ఉంది. ఆయన బూట్లు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కూర్చోండి," అన్నాడు కర్నల్.

"ఒక్క పాదం మోపి వచ్చేస్తానండీ."

"ఒక్క పాదం దిగితే మనిషి దిగినట్టే. మీరు దిగే లెక్కలో లేరు."

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అన్నారా? ఇలారియో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఏడుస్తున్నాడని ఎవరైనా అనుకుంటారేమోనని రెండోసారి తుడవలేదు.

సెరాపియో నీళ్ళలో దిగి తూటాల పెట్టెలు ఒడ్డుకి చేర్చాడు. బిస్కెట్ సంచులు చేర్చాడు. తిరిగొచ్చి ఇలారియోని బూట్లతో సహా ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"ఏయ్, ఏం చేస్తున్నావు?" అన్నాడు కర్నల్.

"సామాను దించుతున్నానండీ. జాబితాలో మీరు రాయించిందే కదా."

ఓడ నుంచి పడవతో పాటు ఒక నావికుడు వచ్చాడు. బహామా దీవుల మనిషి, వీళ్ళ భాష ఒక్క ముక్క రాదు. సామాను దించగానే వెనక్కి పోవాలని కర్నల్ అతనికి చేతి సైగలతో గంటసేపు నేర్పించాడు. పాపం బుద్ధిమంతుడు, ఆఖరి సామాను భుజం మీద ఒడ్డు చేరడం చూసి పడవ తిప్పేశాడు. కర్నల్ నడుంలోతు నీళ్ళలోకి పరుగెత్తి సైగలు చేశాడు. అతను కూడా టోపీ తీసి వీడ్కోలు చెప్పాడు.

ఇలారియో కాళ్ళకింద ఇసుక వేడిగా ఉంది. ఆయన అటొక అడుగు, ఇటొక అడుగు వేసి చూసుకున్నాడు.

"సంతోషపడకండి," అన్నాడు కర్నల్ ప్యాంటు పిండుకుంటూ. "కొండ మీదికి మిమ్మల్ని తీసుకుపోలేను. మేం వెళ్ళాక ఇక్కడే ఉండండి. ఎవరైనా పట్టుకుంటే దారి తప్పిన ముసలాణ్ణని చెప్పండి. మిమ్మల్ని సిపాయి అని ఎవడూ అనుకోడులెండి, భయం లేదు."

ఆ ఆఖరి మాట ఓదార్పుగానే అన్నాడు కర్నల్. ఇలారియోకి మాత్రం అది శూలం దిగినట్టు దిగింది.

దారి చూపించేవాడు మధ్యాహ్నం కొండ అవతల కలుస్తాడు. అందాకా ఒడ్డునున్న పొదల్లో దాక్కున్నారు. కర్నల్ దుర్భిణి పట్టుకుని కొండని పరిశీలిస్తుంటే ఆరుగురూ ఇలారియో చుట్టూ చేరారు. ఇంకా రెండు అధ్యాయాలున్నాయి. ఇంకేం చేస్తాడు, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. కౌంటెస్ కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ, నా కడుపులో ఏముందో చూడాలని లోకమంతా ఎదురుచూస్తోంది, నా గుండెలో ఏముందని ఒక్కడైనా అడిగాడా, అంటుంది. ఇలారియో ఆ మాటని నిజంగానే బాగా చదివాడు. తనకీ అలాగే అనిపించింది మరి.

ఆరుగురూ నడుముల్లోంచి కత్తులు తీసి, ఎదురుగా ఉన్న రాళ్ళ మీద టకటకటకమని కొట్టారు.

కొట్టాక గానీ వాళ్ళకి తెలియలేదు ఎక్కడున్నారో. పొదలకి అవతల, యాభై అడుగుల దూరంలో స్పెయిన్ సిపాయిలు ఎనిమిది మంది కాఫీ కాచుకుంటున్నారు. ఎప్పుడొచ్చి కూర్చున్నారో ఎవరూ చూడలేదు. కర్నల్ దుర్భిణి దూరాన్నే చూస్తోంది కదా.

"ఎవర్రా అక్కడ?" అని ఒక గొంతు అరిచింది. తుపాకులు తీస్తున్న చప్పుడైంది.

కర్నల్ ముఖంలో నెత్తురు లేదు. పొదల వెనక కొండ వాలు నున్నగా, గడ్డి తప్ప ఇంకేమీ లేకుండా ఉంది. అదెక్కాలంటే పావుగంట పడుతుంది. ఆ పావుగంటా ఎనిమిది తుపాకులకీ కనపడుతూనే ఉంటారు. సెరాపియో కత్తి వంక అదేదో తనది కానట్టు చూసుకుంటున్నాడు.

ఇలారియో లేచాడు. లేవమని ఎవరూ చెప్పలేదు, చెప్పే తీరికా ఎవరికీ లేదు. పుస్తకం చంకలో పెట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో పొదల్లోంచి బయటికి నడిచాడు.

"నేనేనయ్యా. చదువుకుంటున్నా."

సిపాయిల నాయకుడు కార్పొరల్ ఫ్రోయిలాన్, స్పెయిన్‌లో గలీసియా వైపు రైతుబిడ్డ. పాత కార్పొరల్ జ్వరంతో పోతే ఆ చొక్కా తెచ్చి ఇతనికి తొడిగారు. చేతులు పొడవు, చొక్కా పొట్టి. "ఆ టకటక ఏంటి తాతా?"

"నేనే కొట్టాను. బాగున్న చోట రాయి మీద కొట్టడం అలవాటు."

"నువ్వే చదివి నువ్వే మెచ్చుకుంటావా?"

"పక్కన ఎవరూ లేనప్పుడు తప్పదు కదా నాయనా."

సిపాయిలు నవ్వారు. తుపాకులు దించారు. కార్పొరల్ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చాడు. తలకిందులుగా పట్టుకున్న సంగతి ఇలారియో గమనించాడు. "ఏం కథ?"

"ఒక కౌంటెస్. తాళంచెవి మింగేసింది."

"ఎందుకు?" అన్నాడు ఒక కుర్ర సిపాయి. ఆ అడగడంలోనే ఇలారియోకి దారి దొరికింది. ఏడాదిగా దోమలూ జ్వరాలూ తప్ప ఇంకేమీ ఎరగని పిల్లలు, కథకి మొహం వాచి ఉన్నారు.

"కూర్చోండి చెప్తా. అటు కాదు, ఎండ కళ్ళలో పడుతుంది. ఇటు, సముద్రం వైపు తిరగండి."

ఎనిమిది మందీ కొండకి వీపు పెట్టి కూర్చున్నారు. ఇలారియో జరిగిన కథ నాలుగు ముక్కల్లో చెప్పి, పుస్తకం తెరిచాడు. వాళ్ళ తలల మీదుగా ఆయనకి పొదలూ, పొదల వెనక వాలూ కనిపిస్తున్నాయి. వాలు మీద ఒక్కడూ లేడు. వెళ్ళండ్రా బాబూ, ఇంకా ఏం చూస్తున్నారు? ఒక పొదలోంచి సెరాపియో టోపీ బయటికొచ్చింది. దాని పక్కన మకారియో చెవి. వెధవలు వింటున్నారు.

అప్పుడు ఇలారియోకి అర్థమైంది. గొంతు చిన్నగా ఉంటే వినడానికి దగ్గరికొస్తారు, పెద్దగా ఉంటే ఎంత దూరమైనా పోతారు. కీ వెస్ట్‌లో ఆఖరి బల్ల దాకా చేరిన గొంతు అది. గొంతు సవరించుకుని, కొండ మీదికి గురిపెట్టి చదివాడు.

"అంత అరుస్తావేం తాతా, పక్కనే ఉన్నాంగా," అన్నాడు కార్పొరల్.

"డ్యూక్‌కి చెవుడు నాయనా. కౌంటెస్ గట్టిగానే మాట్లాడాలి."

పొదల్లోంచి ఒకడు బయటికొచ్చాడు. తర్వాత ఇంకొకడు. ఏడుగురూ వరసగా వాలు ఎక్కడం మొదలుపెట్టారు. వాక్యానికొక అడుగు. కామా దగ్గర కాస్త తడబడి, ఫుల్‌స్టాప్ దగ్గర కాలు మోపి. ముందు నడుస్తున్న కర్నల్ కూడా, తనకి తెలియకుండానే, అదే లెక్కన నడుస్తున్నాడు.

"కాస్త ఆగు తాతా," అన్నాడు కుర్ర సిపాయి. "కాఫీ తాగి చదువు. గొంతెండిపోతుంది."

ఇలారియో ఆగాడు. కొండ మీద ఏడుగురూ ఆగారు. నట్టనడి వాలులో, ఎండలో, ఒక కాలు ఎత్తి పెట్టి, తర్వాతేమైందా అని వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఒక్క సిపాయి మెడ తిప్పితే చాలు.

ఆ కాఫీ వాసన ఇలారియో ముక్కుపుటాలకి తగిలింది. ఈ నేల మీద, ఈ నేల కాఫీ. వాళ్ళమ్మ దించిన కాఫీ అప్పటినుంచీ చల్లారుతూనే ఉంది. చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు. "తర్వాత తాగుతా నాయనా. కథ ఆపితే పాపం," అని అందుకున్నాడు.

ఊపిరి తీసుకోకుండా చదివాడు. గొంతు బొంగురుపోయింది, చదివాడు. ఆఖరి అధ్యాయంలో డ్యూక్ విసిగి తలుపు బద్దలుకొట్టించాడు. కౌంటెస్ నవ్వింది. తాళంచెవి నేను మింగలేదు బాబాయ్, అంది. మొదటిరోజే కిటికీలోంచి గుర్రాలవాడికి విసిరేశాను. మీరు నాలుగు నెలలూ నా పొట్టకి కాపలా కాస్తుంటే వాడు నిధి పెట్టె తెరుచుకుని, నిధి ఎత్తుకుని, ఎనిమిది కొండలు దాటిపోయాడు.

ఇలారియో తలెత్తి చూశాడు. వాలు ఖాళీగా ఉంది.

"ఎంత వెర్రివాడు ఆ డ్యూక్," అన్నాడు కార్పొరల్ కళ్ళు తుడుచుకుంటూ. "ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడొద్దూ?"

"ఏం చేస్తాడు నాయనా. ముందున్నది బాగుంది కదా ఆయనకీ."

సరిగ్గా అప్పుడే కొండ శిఖరం మీంచి టకటకటకమని వినిపించింది. ఆరు కత్తులు, రాళ్ళ మీద. వద్దురా నాయనా, మీకు పుణ్యముంటుంది, అనుకున్నాడు ఇలారియో. ఆగలేదు. ఆరింటి వెనక ఏడోది కూడా ఉంది. చంద్రవంక కత్తి కాదు, బరువైనది, పొడవు కత్తి పిడి అయ్యుంటుంది. కొట్టడం చేతకాక, తాళం తప్పి, అయినా గట్టిగా కొడుతోంది. ఆ ఏడో దెబ్బ ఎవరిదో ఇలారియోకి కళ్ళద్దాలు లేకుండానే తెలిసింది. ఆయనకి దుఃఖం ఆగలేదు.

"అదేంటి?" అన్నాడు కార్పొరల్.

"వడ్రంగి పిట్టలు."

"ఇన్నా?"

"మా దేశంలో ఎక్కువే."

కార్పొరల్ కొండ వైపు చూశాడు. ఇలారియో చెంపల వంక చూశాడు. ఇసుక మీద, పొదల దగ్గర్నుంచి మొదలైన అడుగుజాడల వంక కూడా చూశాడు. ఎనిమిది మందితో కొండెక్కాలని అతనికేం సరదా లేదు. పైగా కథ ఇప్పుడే అయింది.

"కాగితం రాయాలి తాతా," అన్నాడు చివరికి. "ఎవరు కనపడ్డా కమాండర్ గారికి రాసి పంపాలి, మనిషిని కూడా అప్పగించాలి. నాకు రాత రాదు. నువ్వే రాసెయ్. పిచ్చి ముసలాడు ఒకడు, ఒడ్డున పుస్తకం చదువుకుంటూ దొరికాడు అని రాయి. తిరుగుబాటు సిపాయిల్నయితే కాల్చేస్తారు గానీ, నిన్ను చూసి ఆయన నవ్వి వదిలేస్తాడు. సాయంత్రానికి నీ దారి నీది."

కాగితం మీద అచ్చువేసిన రెండు వరుసలున్నాయి. ఒకటి దొరికిన సామాను. రెండోది దొరికిన మనుషులు.

ఇలారియో ముందు కాఫీ అడిగి తీసుకున్నాడు. చల్లారిపోయింది. మొత్తం తాగాడు. తర్వాత పుస్తకాన్ని బల్లగా పెట్టుకుని, తన మంచి దస్తూరీతో సామాన్ల వరుసలో "నవల ఒకటి" అని రాశాడు. మనుషుల వరుసలో ఇలా రాశాడు: "ఇలారియో. క్యూబా విమోచన సైన్యం. సిపాయి. సముద్రం మీదుగా ఒంటరిగా వచ్చాడు. వెంట ఇంకెవరూ లేరు."

సిరా ఆరేదాకా ఊదాడు.

"పిచ్చి ముసలాడనే రాశావుగా?" అన్నాడు కార్పొరల్.

"ఉన్నదున్నట్టు రాశా నాయనా."

కార్పొరల్ దాని కింద సంతకం బదులు కొక్కిరి బిక్కిరిగా శిలువ గుర్తు గీసి, మడిచి, పొట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కమాండర్ ఉండే ఊరు అక్కడికి రెండు కోసులు. కుర్ర సిపాయి ఇలారియో బూట్లు వెతికి తెచ్చిచ్చాడు. ఆయన వాటిని తొడుక్కోకుండా మెడలో వేసుకున్నాడు.

"తాతా, మేం మొదలు వినలేదు," అన్నాడు ఆ పిల్లవాడు. "దారిలో మొదటినుంచీ చదవవూ?"

ఇలారియో మొదటి పేజీ తీశాడు. యాభై రెండు అధ్యాయాలు. సిపాయిలు చాలా మెల్లగా నడిచారు.